వెలిసిన తెలుపు, వెలిగిన తెలుపు

తెలుపు అను మూడక్షరముల మాటను నిఘంటుకారులు రెండుచోట్ల వేరువేరుగా నెక్కించి, ఒకచోట ధావళ్యమనియు, మరియొకచోట ఎరిగించుట యనియు అర్థము వ్రాసి, చదువరి ఆ రెంటిని కలిపికొనకుండునట్లు నడుమ నొక అంకె నుంచి సాగిపోవుదురు. కాని పాలు తెల్లనివని చెప్పిన నోటితోనే తూర్పు తెల్లవారినదనియు, సంగతి తెలిసినదనియు, మూర్ఛపోయినవానికి తెలివి వచ్చినదనియు, కలకబారిన చెరువు తేటపడినదనియు చెప్పుకొను మనకు, ఈ మాటలన్నింటి అడుగున ఒక్కటే ఊట ఊరుచున్నదని వేరుగా నిరూపింప నక్కరలేదు. కన్నడమున తిళి యనియు, తమిళమున తెళి యనియు ఇదే మూలము తేటదనమును, ఎరుకను జంటగా చెప్పుచున్నది. తెలుగన్న పేరే ఇందుండి పుట్టినదని వాదించినవారును గలరు. ఆ వాదము తేలలేదు గనుక దానిపై నేనేమియు కట్టబోను. నాకు కావలసినది ఇంతమాత్రమే: మన భాష తెల్లదనమును కంటికి కనబడు గుణముగా నెంచి ఊరకొనక, ఒకదానిని మరియొకరికి ఎరుకపరచు పనిగా కూడ భావించినది.

ఇంతలో ఒక ఆక్షేపణ ఎదురగును. అడిగినదానికి జవాబు తోచని పిల్లవాడు తెల్లమొగము వేసినాడందుము; ఆశపడి భంగపడినవాడు తెల్లబోయినాడందుము; ఒకని బ్రతుకు తెల్లవారినదన్నచో, తెలవారుట యను ఆ మంగళమైన మాటతోనే వాని సర్వస్వము ముగిసినదని చెప్పుచున్నాము. తెలుపు ఎరుకయే యైనచో, ఏమియు నెరుగని మొగము తెల్లమొగ మెట్లయ్యెను? ఈ చిక్కు చాలకాలము నన్ను వదలలేదు. తెలుపునకే పేరైన వెలి యను మరియొక మాట దాని ముడిని కొంత వదులుచేసినది. వెలుగు, వెన్నెల, వెండి, వెన్న, గోడకు వేయు వెల్ల, ఇవన్నియు ఆ గుంపులోనివే. కాని ఆ గుంపు పక్కనే, ఎండకు బట్ట రంగు వెలిసినదను మాటయు వినవచ్చుచున్నది. రంగు కోల్పోయి తెల్లనైనది వెలిసిన తెలుపు. కాంతి నిండి తెల్లనైనది వెలిగిన తెలుపు. మొగమునుండి రక్తము దిగిపోగా వచ్చిన తెలుపు మొదటి జాతిది. తూర్పున ఉదయించు తెలుపు రెండవ జాతిది. చూచువానికి రెండును ఒక్కటే రంగు. మన మతజీవనమున జరిగిన పెద్ద పొరపాటులలో కొన్ని, ఈ రెంటిని వేరుపరుపలేక, వెలిసినదానినే వెలిగినదిగా భ్రమించుటవలన కలిగినవని నాకు తోచుచున్నది.

శాస్త్రకారులు ఈ భేదమునకు దగ్గరగా వచ్చియున్నారు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము చదువని సంస్కృత విద్యార్థి ఉండడు. అందు రూపము శుక్ల నీల పీత రక్త హరిత కపిశ చిత్రములని ఏడు విధములుగా చెప్పబడినది. పృథివికి ఈ ఏడును గలవు. జలమునకు శుక్లమొక్కటియే, అదియును భాస్వరము కానిది. తేజస్సునకును శుక్లమే, కాని అది భాస్వరము. భాస్వరమనగా ఇతరమును ప్రకాశింపజేయునది. నీటి తెలుపు తాను కనబడి ఊరకుండును. తేజస్సు తెలుపు పక్కనున్నదానిని కూడ కనబడజేయును. ఆయన పదార్థవిభాగము చేయుచుండెను గాని ధర్మవిచారము చేయుట లేదు. ఆ రెండు మాటలను నా పనికి అరువు తెచ్చుకొనుచున్నాను.

భాస్వరశుక్లమన్న మాట విన్నప్పుడెల్ల నాకు అరసవిల్లి సూర్యదేవాలయము జ్ఞప్తికి వచ్చును. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని ఉదయములందు బాలసూర్యుని కిరణములు గోపురద్వారమునుండి లోనికి ప్రవేశించి, గర్భాలయమున నల్లరాతి మూర్తి పాదములను తాకును. మబ్బు పట్టినచో ఆ దర్శనము లేదు. అందుకొరకు చీకటితోనే వచ్చి నిలిచిన జనము మరునాటికై వేచియుందురు. నేనొకసారి ఆ జనములో నుంటిని. చీకటిలో నల్లనిరాయి నల్లనిరాయిగా కూడ కనబడదు; అచ్చట ఏదియో ఉన్నదని నమ్ముదుము, అంతే. కిరణము సోకినంతనే పాదముల వ్రేళ్లు, వానిపై చెక్కిన ఆభరణము, రాతి నునుపు ఒకటొకటిగా తెలిసివచ్చినవి. రాయి తెల్లబడలేదు, తన నలుపుతోనే తెలియబడినది. తెల్లవారుటయు తెలుపుటయు ఒక్క మాటయే యని చూపుటకు ఇంతకంటె మంచి వ్యాకరణపాఠము నాకు దొరకలేదు. ఆ కాంతిలో ఏడు వర్ణములును ఇమిడియున్నవని న్యూటను పండితుడు పట్టకముతో విడదీసి చూపి, తన పరిశోధనను 1672లో ప్రకటించెను. సూర్యరథమునకు ఏడు గుర్రములుండుట చూచి మన పూర్వులకు ఈ సంగతి ముందే తెలియునని గర్వించుటకు నేనొప్పుకొనను. పోలిక వేరు, ప్రమాణము వేరు. అయినను ఏ రంగును తరిమివేయనిదే ఆ తెలుపు అను నిజము మతవిచారము చేయువానికి మిక్కిలి అక్కరకు వచ్చును.

ఇక పొందూరు ఖద్దరు తెలుపు. గాంధీమహాత్ముడు తన కుమారుడు దేవదాసును పంపి అచ్చటి నూలుపుపనిని చూచి రమ్మన్న సంగతి ఆ ఊరివారు నేటికిని చెప్పుకొందురు. ఆ ఖద్దరు మడతను చేతబట్టినవారు దాని సన్నదనమును మెచ్చుకొందురేగాని, అది వచ్చిన దారివెంట వెనుకకు నడచి చూచినవారు తక్కువ. ఆ సీమలో పండు కొండపత్తియు పునాసపత్తియు చేతికి వచ్చునప్పుడు గింజతో, ఆకునలుసులతో, దుమ్ముతో కలిసి మాసియుండును. గింజ తీయుటకు ముందే దానిని వాలుగచేప దవడయెముకతో, సూదిమొనలవంటి దాని సన్నని పండ్ల నడుమ, చిటికెడు చిటికెడుగా దువ్వుదురు. పిదప గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, నలుసు పడకుండ వానిని ఎండిన అరటిపట్టలో దాచి, ఒంటికదురు రాట్నముపై నూరు కౌంటునకు మించిన నూలు వడకుదురు. ఈ పని తరతరములుగా పట్టుశాలి స్త్రీల చేతులలో నున్నది. అరుగుపై కూర్చుండి పత్తి దువ్వుచున్న ఒక ముదుసలిని, ఈ పత్తి ఇంత తెల్లగా నెట్లుండునమ్మా యని అడిగితిని. ఆమె చేతిపని ఆపకయే, "ఊరికినే తెల్లగుంటాదేటి బాబూ, దువ్వితే కదా తెల్లబడతాది" అనెను.

ఆ మాట నాకు ఉపదేశమైనది. మనము తెలుపును వస్తువునకు పుట్టుకతో వచ్చిన సొత్తువలె భావింతుము. ఆమె ఎరిగిన తెలుపు క్రియ. మరియొక సంగతియు నాకచ్చటనే తట్టినది. నిష్ఠాపరుడొకడు తెల్లవారుజామున స్నానమాడి, మడికట్టుకొని, చేపను కన్నెత్తి చూడని నియమముతో పూజకు కూర్చుండును. ఆ మడిపంచె పొందూరు పంచెయే యైనచో దాని ప్రతి పోగులోను వాలుగ దవడ పని దాగియున్నది. ఆ పని ఆ వస్త్రమును మైలపరుపలేదు. దానికి తెలుపు తెచ్చినదే అది. చాకిరేవున జరుగునదియు ఇంతే. గుడ్డను సవుడుమట్టిలో నానబెట్టి, బానలో ఉడికించి, బండపై బాది, కడపట నీలిమందు కలిపిన నీట జాడించి ఆరవేయుదురు. పసుపు తిరిగిన గుడ్డకు నీలము కలిసినప్పుడే కంటికి తెలుపు తోచును; ఇంకొక రంగు వచ్చి తోడుపడనిదే ఆ తెలుపునకు నిలుకడ లేదు. అయినను ఆ పంచె కట్టి పెద్దమనిషి అరుగుపై కూర్చున్నప్పుడు, ఆ తెలుపును తెచ్చిన చేతులవాడు అరుగు దిగువనే నిలువవలసిన కాలము మరీ దూరముది కాదు.

వర్ణమనగా రంగు, వర్ణమనగా కులము. మహాభారతమున శాంతిపర్వమందు భృగువు భరద్వాజునకు బ్రాహ్మణుల వర్ణము తెలుపనియు, క్షత్రియులది ఎరుపనియు, వైశ్యులది పసుపనియు, శూద్రులది నలుపనియు చెప్పును. భరద్వాజుడు దానిని విని తలయూచి ఊరకొనడు. రంగునుబట్టి వర్ణమును విభజింతురేని అన్ని వర్ణములయందును అన్ని రంగులవారు కనబడుచున్నారే యనియు, కామక్రోధభయములు, ఆకలి, శ్రమ అందరిని ఆవరించియుండగా, చెమటయు మలమూత్రములును రక్తమును అందరి దేహములనుండి స్రవించుచుండగా, ఈ విభాగ మెక్కడినుండి వచ్చినదనియు ఎదురడుగును. అప్పుడు భృగువు, నిజముగా విశేషమేమియు లేదు, సర్వజగత్తు మొదట బ్రాహ్మమే, కర్మములచేత వేరువేరు వర్ణములైనది యని సమాధానము చెప్పవలసివచ్చెను. ఆ సమాధానము నన్ను పూర్తిగా తృప్తిపరుపలేదు. ఆ ప్రశ్న మాత్రము మన వాఙ్మయమున నాకు మిక్కిలి ప్రియమైనవానిలో నొకటి. తెలుపును తన పేరుగా వ్రాసికొన్నవాని ఎదుట, నీ ఒంటినుండి కారునది ఏ రంగని అడిగిన ఋషి యాతడు.

తెలుపును చెప్పు వెలియు, వెలుపలను చెప్పు వెలియు పుట్టుకచేత వేరని భాషాశాస్త్రజ్ఞులందురు, నేను కాదనను. కాని ఊరిలో ఆ రెండును ఒక్కచోటనే కాపురముండెను. తెల్లని మడిని కాపాడుకొనుటకు వెలివాడను ఏర్పరచినవారికి, ఆ రెండు మాటలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా నున్నవో వినబడకుండుట నాకు బాధగా నుండును.

నా బాల్యమున మా యింట మేనత్త యొకతె యుండెడిది. పదునాలుగవ యేట ఆమెకు తెల్లకోక కట్టిరి. ఇంటిలో పెండ్లి వచ్చినచో పసుపుకొమ్ములు దంచుటయు, తలంబ్రాల బియ్యమునకు పసుపు కలుపుటయు ఆమె పనియే. మోచేతులవరకు పసుపుపచ్చనై పెరటిలో కూర్చుండెడిది. మేళము వినబడినంతనే నూతిగట్టుకడ చింతపండుతో ఆ చేతులు తోముకొని, తెల్లని చేతులతో వెనుకగదిలోనికి పోయెడిది. ఆమెను అందరును శుద్ధురాలందురు. పూజామందిరము తుడుచుటకు ఆమె చేతులే కావలెను. ఆమె జీవితమున రంగులొకటొకటిగా తీసివేయబడగా మిగిలినదానిని మేము పవిత్రత యని పిలిచితిమి. అది వెలిసిన తెలుపు. 1897లో అచ్చయిన కన్యాశుల్కమున గురజాడ అప్పారావుగారు వితంతువైన బుచ్చమ్మను చిత్రించునాటికి మా విజయనగరపు వీధులలో ఇట్టి తెల్లకోకలు ఎన్ని గడపలలో నుండెనో ఊహించుకొనవచ్చును. ఒకరి మొగమున కుంకుమ తుడిచి తెచ్చిన తెలుపును దేవుని మందిరమునకు కాపలా పెట్టిన మేము, ఆ దేవుని యెరుగుదుమని ఎట్లు చెప్పుకొంటిమో!

సీతంపేట మన్యమున సవరలు చనిపోయిన తమవారికొరకు తెలుపును వేరొక విధముగా వాడుదురు. ఇంటిగోడను ఎర్రమట్టితో అలికి, దానిపై బియ్యపుపిండితో మనుష్యులను, చెట్లను, జంతువులను గీయుదురు. ఎరుపును తుడిచివేసి కాదు, ఎరుపుపైననే ఆ తెల్లగీత నిలుచును; దానివలన పోయినవారు ఇంటివారికి ఎరుకపడుదురు.

దొరతనపు మాటలలో తెలుపు ఎన్ని వేషములు వేసినదో చెప్పబూనిన అదియే ఒక గ్రంథమగును. 1794 జులై 10న పద్మనాభమున విజయనగర ప్రభువు విజయరామరాజు కంపెనీ సేనలతో పోరి నేలకొరిగిననాడు గెలిచినవారు తెల్లదొరలు. మొన్నటివరకు ప్రభుత్వపు చవుకబియ్యమునకు తెల్లకార్డు చూపినవాడు పేదవాడు. ఆంగ్లేయుల నుడికారమున తెల్లయేనుగన్న పోషింపలేని వ్యర్థభారము, మన పత్రికలును దానిని అట్లే వాడుచున్నవి. కాని విజయనగరమున పైడితల్లమ్మ సిరిమానోత్సవమునాడు సిరిమానునకు ముందు పాలధారతోను, అంజలిరథముతోను, బెస్తవారి వలతోను కలిసి తెల్లయేనుగు రథము నడచునప్పుడు, లక్షల జనము చేతులెత్తి మ్రొక్కుచున్నది.

శ్రీకూర్మమునకు పోయినవారికి తెలుపు మట్టిరూపమున దర్శనమిచ్చును. కూర్మావతారమూర్తి పడమటిముఖముగా వెలసిన ఆ క్షేత్రమునకు రెండు ధ్వజస్తంభములు గలవు. గుడిచెంతనున్న కోనేరు శ్వేతపుష్కరిణి. దాని అడుగుమట్టి తెల్లనిదై గోపీచందనముగా నొసట ధరింపబడును. గోపీచందనమునకు ద్వారక ప్రసిద్ధము. మాధ్వులకు అది నిత్యధారణము. మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థుల 1281వ సంవత్సరపు శాసనము ఈ ఆలయముననే యుండుట చూచినప్పుడు, ఈ మట్టిని ఆ మహనీయుడెన్నిమారులు తన నుదుట దిద్దుకొనెనో యని తలపు కలుగును. స్థలపురాణమున ఈ నేలను ఏలినవాడు శ్వేతుడను రాజు. పేరు తెల్లనిదే, మనసు కాదు. రాణి విష్ణుప్రియ ఏకాదశీవ్రతము పట్టియున్న రాత్రి ఆతడు కామముతో చేరరాగా, ఆమె మొరపెట్టుకొనినంతనే విష్ణువు వారి నడుమ ఒక నదిని ప్రవహింపజేసెనట. ఆ వరదలో కొట్టుకొనిపోయిన రాజునకు నారదుడు కూర్మమంత్రము నుపదేశింపగా, తపస్సుచేసి తన పేరునకు తగినవాడయ్యెను. పొందూరు ముదుసలి చెప్పినదానినే ఈ కథయు చెప్పుచున్నది: దువ్వవలసియున్నది.

ఆ కోనేటిని గూర్చి అంతకంటె లోతైన నమ్మిక యొకటి గలదు. జనులు తమ పాపములను గంగలో విడిచిపోగా, ఆ గంగయే మాఘమాసమున ఒకనాడు ఇచ్చటికి వచ్చి, ఈ తెల్లమట్టి నీట మునిగి తన బరువు దించుకొనునట. శుద్ధిచేయుదానికిని శుద్ధి కావలెనన్న ఎరుక ఈ నమ్మికలో నున్నది. తాను ఎన్నడును మాయనని చెప్పుకొను తెలుపు ఎవరి మురికిని తాకలేదన్నమాట. గంగ తాకినది గనుకనే మునుగవలసివచ్చెను. యోగసూత్రకారుడు ఇంకను ముందునకు పోయి, యోగి కర్మము తెలుపును కాదు, నలుపును కాదనియు, మిగిలినవారి కర్మము తెలుపు, నలుపు, ఆ రెండు కలిసినది యని మూడు విధములనియు చెప్పెను. పుణ్యమును తెల్లకర్మమని అంగీకరించియు, దానిని కూడ విడువవలసినదానిలో చేర్చినాడు. తెల్లబట్టవలె పుణ్యము కూడ కట్టుకొన్నవానిని చూచుకొనుటకు పురికొల్పును. చూచుకొన్నంతసేపు ఎదుటివాడు కనబడడు.

ఛాందోగ్యమున ఈ సంగతికి ఒక యువకుని కథ గలదు. వాని పేరే శ్వేతకేతువు, తెల్లని జెండావాడు. పండ్రెండేండ్లు గురువుకడ చదివి, వేదములన్నియు ముగించి, ఇరువదినాలుగవయేట ఇంటికి వచ్చినప్పుడు ఆ జెండా నిటారుగా నిలిచియుండెను. తండ్రి ఉద్దాలకుడు వానికి అగ్నిని చూపి, దానియందు ఎరుపు తేజస్సుది, తెలుపు నీటిది, నలుపు అన్నముది యని, ఆ మూడు రూపములను విడదీసినచో అగ్ని యను పేరు మాటవరుసకే మిగులునని బోధించెను. తెలుపు అక్కడ మూడింటిలో ఒకటి మాత్రమే, పెద్దపీట లేదు. పిదప ఒకరాత్రి ఉప్పుగల్లును నీటిలో వేయించి, తెల్లవారిన తరువాత దానిని తెమ్మనెను. కొడుకు చేయిపెట్టి వెదకెను; తెల్లని గల్లు లేదు. పైన, నడుమ, అడుగున రుచిచూడుమనగా, అంతట ఉప్పదనమే. తెలుపు పోయిన పిమ్మటనే శ్వేతకేతువునకు తెలిసినది.

ఈ కథ చదివిన వేసవిలోనే నేను నౌపడ ఉప్పుమడులకు పోయితిని. అచ్చట జరుగునది ఉద్దాలకుని పాఠమునకు ఎదురుదారి. ఉప్పునీటిని మడులలో కట్టి, ఎండకు విడిచి, నీటిలో కనబడని తెలుపును పైకి రప్పింతురు. గట్టుపై కుప్పలు కన్నులు మిరుమిట్లు గొలుపుచుండెను. నేను వానినే చూచుచుంటిని. మోకాళ్లవరకు బురద పూసుకొన్న ఒక పనివాడు మాత్రము ఆ కుప్పలవైపు తిరుగలేదు. ఇంకను బూడిదరంగుననే యున్న ఒక మడిలోనికి వంగి, వ్రేలితో ఆ నీటిని తాకి, నాలుకపై నుంచుకొని, కొంతసేపు ఊరకుండెను. "రెండు పొద్దులాగాల" అని పక్కవానితో చెప్పి, తరువాతి మడికి నడచెను.